పక్కింట్లో కరెంటు ఉందా?

కరెంటు పోతే మా అమ్మ ముందు వీధి గుమ్మంలోకి వచ్చి పక్కింటి వైపు తొంగిచూసేది. అక్కడ లైటు వెలుగుతుంటే నాన్నని ఫ్యూజు చూడమనేది. అక్కడా చీకటే అయితే "వీధంతా పోయిందిలే" అంటూ విసనకర్ర తీసుకుని అరుగు మీద కూర్చునేది. ఈలోపు నేను లైటు స్విచ్చు, ఫ్యాను స్విచ్చు, మళ్లీ లైటు స్విచ్చు టకటకా నొక్కుతూ ఉండేవాణ్ణి. కరెంటు వచ్చేసరికి ఏ స్విచ్చు వేసి ఉందో, ఏది తీసి ఉందో నాకే తెలిసేది కాదు.

ఉద్యోగంలో చేరాక కూడా ఆ అలవాటు పోలేదు. 2009లో మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. మా కోడ్ అంతా సబ్‌వెర్షన్ సర్వర్‌లో ఉండేది. ఓ శుక్రవారం సాయంత్రం, రెండు రోజులు కూర్చుని రాసిన మార్పులు కమిట్ చేయబోతే ఎర్రక్షరాలు వచ్చాయి. ఏం రాసుందో చదవలేదు. మళ్లీ నొక్కాను. క్లీనప్ చేశాను. టార్టాయిస్ ఎస్‌వీఎన్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. అప్పటికి ఏడున్నర అయింది, ఊరెళ్లే బస్సు తొమ్మిదింటికి. ఫోల్డరే పాడైపోయి ఉంటుంది, కొత్తగా చెకౌట్ చేసుకుంటే సరిపోతుంది అనుకుని, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టాను. చెకౌట్ కూడా అవలేదు. రెండు రోజుల పని పోయింది, బస్సూ పోయింది.

సోమవారం పక్క సీటాయన వచ్చి ఆ ఎర్రక్షరాలు చదివాడు. "ఆథరైజేషన్ ఫెయిల్డ్ అంటోంది కదా! పాస్‌వర్డ్ ఏమైనా మార్చావా?" అని అడిగాడు. మార్చాను. శుక్రవారం పొద్దునే విండోస్ అడిగితే మార్చాను. టార్టాయిస్ మాత్రం పాతదాన్నే దాచుకుని సర్వర్‌కి పంపుతోంది. ఆయన సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా అనే చోటికెళ్లి క్లియర్ అని నొక్కాడు. నిమిషం పట్టలేదు.

ఆ రోజు ఒక నోటు పుస్తకం కొన్నాను. సర్వర్ అందని ప్రతిసారీ తేదీ, కనబడిన సందేశం, చివరికి తేలిన కారణం అందులో రాసుకుంటున్నాను. ఈ అధ్యాయం చాలావరకు ఆ పుస్తకంలోంచి వచ్చిందే.

ముందు ధాన్యం లోపల పెట్టండి

వాన వచ్చేలా ఉంటే కళ్లంలో ఉన్న రైతు మబ్బు ఎటునుంచి వస్తోందని ఆరా తీస్తూ నిలబడడు, ముందు ధాన్యం మీద టార్పాలిన్ కప్పుతాడు. సర్వర్ అందకపోతే మీరూ అంతే. మీ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి, పేరు చివర తేదీ తగిలించి, వేరే చోట పెట్టండి. సీనియర్లు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి.

గిట్ వాడేవాళ్లకు ఇందులో పెద్ద వెసులుబాటు ఉంది. సబ్‌వెర్షన్‌లో కమిట్ అంటేనే సర్వర్‌కి పంపడం, సర్వర్ లేకపోతే కమిట్ లేదు. గిట్‌లో కమిట్ వేరు, పుష్ వేరు. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ కోసం గిట్ రాసినప్పుడే, క్లోన్ చేసుకున్న ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్ర మొత్తం ఉండేలా రాశాడు. సర్వర్ మూలనపడ్డా మీ లాప్‌టాప్‌లో మీరు కమిట్ చేసుకుంటూనే ఉండొచ్చు, బ్రాంచిలు తీసుకోవచ్చు, నిరుడు ఏ లైను ఎవరు మార్చారో చూసుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన వాళ్లు కూడా పుష్ ఫెయిలవగానే పని పోయినట్టే కంగారుపడతారు. పోలేదు. ఒక్క కమిట్ చేసుకుని, చెయ్యి మౌస్ మీంచి తీసి, అప్పుడు ఆలోచించండి.

ఇంకో కట్టుబాటు కూడా ఇప్పుడే పెట్టుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వీపీఎన్ ఆపి, కీ మార్చి, ప్రాక్సీ తీసేసి, అన్నీ ఒకేసారి చేస్తే పని అయినా ఎందుకు అయిందో తెలియదు. పైగా పాడవని రెండింటిని మీ చేత్తోనే పాడుచేసి ఉంటారు. నేను నొక్కిన స్విచ్చుల కథే.

వీధి గుమ్మంలోకి రండి

ఇప్పుడు అమ్మ ప్రశ్న. పక్కింట్లో ఉందా?

పక్క సీటులోని వాళ్లను అదే రిపాజిటరీ ఒకసారి ఫెచ్ చేయమనండి. వాళ్లకూ రాకపోతే తప్పు మీ లాప్‌టాప్‌లో ఉండే అవకాశం బాగా తగ్గింది. వాళ్లకి వస్తే మీ వైపు చూసుకోవాలి. తర్వాత మీరే ఇంకో రిపాజిటరీని ప్రయత్నించండి. అది వచ్చి ఇది రాకపోతే దారి బాగానే ఉంది, ఈ ఒక్క గదికే మీకు తాళంచెవి లేదు. మూడోది, ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి చూడండి. హాట్‌స్పాట్ మీద వచ్చి ఆఫీసు వైఫై మీద రాకపోతే మధ్యలో ఉన్న నెట్‌వర్క్‌ని అడగాలి. మూడు ప్రశ్నలకీ కలిపి ఐదు నిమిషాలు. వీటి కోసం గిట్‌లో ఎల్‌ఎస్-రిమోట్ అనే ఆదేశం చక్కగా ఉంటుంది. అది సర్వర్‌లో ఏ బ్రాంచిలున్నాయో అడిగి చెబుతుంది తప్ప మీ ఫైళ్ల జోలికి పోదు.

హాట్‌స్పాట్ ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి. 2014 డిసెంబరులో మన టెలికాం శాఖ 32 వెబ్ చిరునామాలను అడ్డుకోవాలని నెట్ సంస్థలకు ఆదేశమిచ్చింది. వీమియో, పేస్ట్‌బిన్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లతో పాటు గిట్‌హబ్ కూడా ఆ జాబితాలో ఉంది. కొన్ని సంస్థల కనెక్షన్ ఉన్నవాళ్లకి గిట్‌హబ్ తెరుచుకోలేదు, వేరే కనెక్షన్ ఉన్నవాళ్లకి తెరుచుకుంది. ఆ రోజుల్లో కీలు మార్చుకుంటూ, గిట్ తీసేసి మళ్లీ వేసుకుంటూ కూర్చున్నవాళ్లు ఎంతమందో! నెట్ మార్చి చూసినవాళ్లకి ఐదు నిమిషాల్లో అర్థమైంది.

ఇక్కడే పింగ్ గురించి ఒక మాట. సర్వర్‌ని పింగ్ చేసి జవాబు రాకపోతే "సర్వర్ డౌన్" అని గ్రూపులో ప్రకటించేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. చాలా కంపెనీల ఫైర్‌వాల్ పింగ్‌ని కావాలనే ఆపేస్తుంది, అయినా గిట్ నడుస్తూనే ఉంటుంది. పింగ్‌కి జవాబొచ్చినా అంతే, యంత్రం బతికే ఉందని తెలుస్తుంది గానీ అందులో గిట్ సర్వీసు లేచి ఉందో లేదో తెలియదు. మీరు వాడే పోర్టు తలుపునే తట్టాలి. ఎస్‌ఎస్‌హెచ్ అయితే 22, హెచ్‌టీటీపీఎస్ అయితే 443, పాతకాలపు సబ్‌వెర్షన్ సొంత సర్వర్ అయితే 3690.

ఎర్రక్షరాలు ఏమంటున్నాయి

నోటు పుస్తకం తిరగేస్తే తరచు కనబడే సందేశాలు నాలుగే. ఇంగ్లీషులో నాలుగూ ఒకే రకం విసుగులా కనబడతాయి గానీ, ఒక్కోటి మీరు ఎక్కడిదాకా వెళ్లి ఆగారో చెబుతుంది.

"కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్" అంటే ఊళ్లో దిగారు, ఫలానావారి ఇల్లెక్కడంటే ఎవరికీ తెలియదన్నారు. పేరుని ఐపీ చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గరే ఆగిపోయారు. ఇంకా సర్వర్ ముఖం కూడా చూడలేదు, కాబట్టి సర్వర్‌ని తిట్టకండి. ఆఫీసు లోపల మాత్రమే తెలిసిన పేరై ఉండి, మీరు ఇంట్లో వీపీఎన్ లేకుండా కూర్చుని ఉండొచ్చు. లేదా పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి ఉండొచ్చు. అసలు నెట్టే లేకపోయి ఉండొచ్చు.

"కనెక్షన్ టైమ్డ్ అవుట్" అంటే ఇల్లు దొరికింది, తలుపు కొట్టారు, ఎంతసేపటికీ ఎవరూ పలకలేదు. లినక్స్‌లో ఈ మౌనం రెండు నిమిషాలకు పైగా సాగుతుంది. మీరు పంపిన పలకరింపుని దారిలో ఏదో ఫైర్‌వాల్ చప్పుడు లేకుండా మింగేస్తోంది, లేదా ఆ యంత్రమే ఆరిపోయింది.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్" కటువుగా వినబడుతుంది గానీ నాకైతే అది మంచి కబురే. ఎవరో జవాబిచ్చారు. చాలాసార్లు ఆ యంత్రమే బతికుండి, ఈ పోర్టులో కూర్చున్నవాళ్లెవరూ లేరని చెబుతోంది. సర్వీసు పడిపోయింది, లేదా పోర్టు మారింది, లేదా మీరే తప్పు పోర్టు కొట్టారు. టైమ్డ్ అవుట్ అయితే నెట్‌వర్క్ వాళ్ల దగ్గరికి, రెఫ్యూజ్డ్ అయితే సర్వర్ చూసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఈ ఒక్క తేడా తెలిసినందువల్ల నాకు మిగిలిన గంటలు లెక్కపెట్టలేను.

నాలుగోది "పర్మిషన్ డినైడ్". తలుపు తీశారు. "నువ్వెవరు?" అని అడిగారు. మీ జవాబు నచ్చలేదు. అంటే నెట్ బాగుంది, వీపీఎన్ బాగుంది, ఫైర్‌వాల్ బాగుంది, సర్వర్ బాగుంది. ఇది వచ్చాక కూడా రౌటర్ రీస్టార్ట్ చేసేవాళ్లని చూస్తే నాకు 2009 గుర్తొస్తుంది.

"నువ్వెవరు?" అన్నప్పుడు

పుస్తకంలో సగానికి పైగా పేజీలు ఈ గుమ్మం దగ్గరివే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఎస్‌ఎస్‌హెచ్ వాడేవాళ్లు ముందు సర్వర్‌తో మీరెవరో చెప్పించండి. గిట్‌హబ్‌కి గిట్ అనే యూజర్ పేరుతో ఎస్‌ఎస్‌హెచ్ కలిపితే, మీ ఖాతా పేరు పెట్టి "హాయ్" అంటుంది. ఆ వెంటనే "నిన్ను గుర్తుపట్టాను కానీ ఇక్కడ షెల్ ఇవ్వం" అన్న అర్థంలో ఇంకో ముక్క ఉంటుంది. కొత్తవాళ్లు ఆ "కానీ" చూసి అయ్యో ఫెయిలైందనుకుంటారు. ఫెయిలవలేదు, అదే విజయం. మీరు చూడాల్సింది హాయ్ పక్కనున్న పేరు. సొంత ఖాతా ఒకటి, ఆఫీసు ఖాతా ఒకటి ఒకే లాప్‌టాప్‌లో ఉన్నవాళ్లకి తరచు అక్కడ తప్పు పేరు కనబడుతుంది. పెళ్లికి వెళ్లి పొరపాటున పక్క హాలు శుభలేఖ చూపించినట్టు, సొంత కీ ముందు వెళ్లి నిలబడింది. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్లో ఏ చోటికి ఏ కీ వాడాలో రెండు లైన్లు రాసుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

దీనికో తమ్ముడున్నాడు, "రిపాజిటరీ నాట్ ఫౌండ్". ఎవరో రిపాజిటరీని తీసేశారేమోనని గుండె ఆగినంత పనవుతుంది. మీకు అనుమతి లేని ప్రైవేటు రిపాజిటరీ గురించి అడిగితే గిట్‌హబ్ "నీకు అనుమతి లేదు" అనదు, "అలాంటిదేదీ లేదు" అంటుంది. ఉందని ఒప్పుకోవడం కూడా ఒక రహస్యం బయటపెట్టడమే కదా! కాబట్టి ముందు చిరునామా సరిచూసుకోండి, తర్వాత మీరు ఏ పేరుతో వెళ్లారో చూసుకోండి, అప్పటికీ కాకపోతే టీమ్ లీడ్‌ని అనుమతి అడగండి.

హెచ్‌టీటీపీఎస్ వాళ్ల కథ వేరు. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. టోకెన్ కావాలి, లేదా ఎస్‌ఎస్‌హెచ్ కీ కావాలి. ఆ తర్వాత కూడా నెలల తరబడి జనం సరైన పాస్‌వర్డే కొడుతూ, తప్పు కొట్టామేమోనని పాస్‌వర్డ్ మార్చుకుంటూ, కొత్తది కొడుతూ గడిపారు. పాస్‌వర్డ్‌తో పని లేదని ఆ సందేశంలోనే, తేదీతో సహా ఉంది. టోకెన్లకి గడువు కూడా ఉంటుంది, కాబట్టి తీసుకున్న రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. విండోస్‌లో అయితే ఒక్కోసారి క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది మిగిలిపోయి, మీరు కొత్తది తెచ్చినా అదే ముందు పరుగెత్తుతుంది. దాన్ని అక్కడినుంచి తీసేసే దాకా కొత్తదానికి వంతు రాదు.

ఇంకో చిన్నది. పాత లాప్‌టాప్ నుంచి కీ ఫైల్ కాపీ చేసుకున్నాక "అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ" అని ఎస్‌ఎస్‌హెచ్ మొరాయిస్తే, దాని అనుమతుల్ని 600కి మార్చండి. ఇతరులు చదవగలిగే చోట ఉన్న కీని అది ముట్టదు.

వీధంతా పోయిన రోజు

అమ్మ ప్రశ్న నన్ను ఒకే ఒక్కసారి తప్పుదారి పట్టించింది, అది చెప్పి తీరాలి. మేం అప్పుడు ఓ చిన్న అద్దె సర్వర్ మీద గిట్ నడుపుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆఫీసులో ఎవరికీ పుష్ అవలేదు. పక్కింట్లో లేదు, ఎదురింట్లో లేదు. సర్వర్ పోయిందని తేల్చేశాం. హోస్టింగ్ వాళ్లకి ఘాటుగా ఉత్తరం కూడా రాశాం. పది నిమిషాలకి దానంతటదే వచ్చింది. మళ్లీ పోయింది. ఇంటినుంచి పనిచేస్తున్న ఒకతను మాత్రం "నాకు పొద్దుట్నుంచీ బాగానే ఉందే!" అన్నాడు.

ఆ పది నిమిషాలే దొంగని పట్టించాయి. సర్వర్‌లో ఫెయిల్2బ్యాన్ అనే కాపలా ఉండేది. మామూలు అమరికలో అది పది నిమిషాల్లో ఐదుసార్లు తప్పు లాగిన్ చూస్తే, ఆ ఐపీని పది నిమిషాలు వెలేస్తుంది. మా ఆఫీసులో నలభై మందిమీ బయటికి ఒకే ఐపీతో కనబడతాం. ఓ మూల ఎవరూ పట్టించుకోని బిల్డ్ మెషీన్ ఒకటి, పాత పాస్‌వర్డ్‌తో రెండు నిమిషాలకోసారి తలుపు కొడుతోంది. దాని పాపానికి నలభై మందిని బయట నిలబెట్టారు. హోస్టింగ్ వాళ్లకి ఇంకో ఉత్తరం రాశాం, ఈసారి మర్యాదగా.

అప్పట్నుంచి నా ప్రశ్న కొంచెం పొడుగైంది. పక్కింట్లో ఉందా, పక్క వీధిలో ఉందా, పక్క ఊళ్లో ఉందా? ఆఫీసు బయటున్న ఒక్క మనిషినైనా అడగకుండా సర్వర్ పోయిందని తీర్పు చెప్పను.

సర్వర్ మీరే చూసుకునేవాళ్లయితే, ముందు డిస్క్ నిండిందేమో చూడండి. ఇంత మామూలు కారణం అని చాలామంది దీన్ని చివర చూస్తారు. డిస్క్ నిండితే చదవడం నడుస్తుంది, రాయడం ఆగుతుంది, అంటే పుల్ అవుతుంది, పుష్ అవదు. ఆ లక్షణం కనబడితే వెంటనే అటు వెళ్లండి. ఖాళీ ఉన్నట్టే కనబడినా, ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున ఖర్చయ్యే ఐనోడ్లు అయిపోయి ఉండొచ్చు. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉండే గిట్ సర్వర్లలో అది అరుదేమీ కాదు.

సగంలో ఆగిపోయేవి

తలుపు తీసి, లోపలికి రమ్మని, మాట మధ్యలో మౌనం వహించే సర్వర్లు ఉంటాయి. వీటితో వేగడం కష్టం. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక అమ్మాయి అమలాపురం నుంచి ఇంట్లో పనిచేసేది. ఓ రాత్రి ఫోన్ చేసి, "అన్నా, మీరు చెప్పినవన్నీ చూశా. పింగ్ వస్తోంది, పోర్టు తెరిచే ఉంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద క్లోన్ అవుతోంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద మాత్రం ఎక్కడో నిలబడిపోతోంది" అంది.

"ఎస్‌ఎస్‌హెచ్‌కి వి తగిలించి చూశావామ్మా? చివరి లైను చదువు."

కీ ఎక్స్ఛేంజ్ జవాబు కోసం ఎదురుచూస్తున్నానంటూ అక్కడే ఆగింది. ఈ చోట ఆగిందంటే నేను ముందు అనుమానించేది ప్యాకెట్ సైజునే. ఈథర్‌నెట్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల దాకా పోవచ్చు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ అయితే అందులో 8 బైట్లు అదే తినేసి 1492 మిగులుస్తుంది, పైన వీపీఎన్ ఇంకొన్ని తింటుంది. చిన్న ప్యాకెట్లు సందులోంచి దూరిపోతాయి, పెద్దవి ఇరుక్కుంటాయి. పింగ్ చిన్నది, పలకరింపు చిన్నది, అందుకే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. కీలు మార్చుకునేటప్పుడు మొదటి పెద్ద ప్యాకెట్ బయలుదేరుతుంది, ఇక అది చేరదు. వీపీఎన్‌లో ఎంటీయూని, అంటే ఆ ప్యాకెట్ సైజు హద్దుని, 1400కి తగ్గించమన్నాను. క్లోన్ అయింది. ఈ మధ్య ఆ పిల్లే వేరేవాళ్లకి ఎంటీయూ పాఠం చెబుతోంది, నాకన్నా బాగా.

పుష్ సగంలో తెగిపోతే మాత్రం ఎంత బరువు పంపుతున్నారో ముందు చూసుకోండి. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఒక్క ఫైలున్నా పుష్ తిప్పికొడుతుంది. సొంత సర్వర్ ముందు ఇంజిన్ఎక్స్ ఉంటే, అది విడిగా చెప్పకపోతే 1 ఎంబీ మించిన అభ్యర్థనకి 413 అని ముఖం మీదే చెబుతుంది. ఇవి నెట్ లోపాల్లా కనబడతాయి, కావు.

కాపలాదారు నోరు మూయకండి

సర్టిఫికెట్ గడువు దాటితే గిట్ హెచ్చరించి ఆగిపోతుంది. తొందరలో ఉన్నవాడికి ఎవరో ఒక చిట్కా చెబుతారు, ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫైని ఫాల్స్ చేసేయమని. పని జరుగుతుంది. ఆ తర్వాత దాన్ని వెనక్కి మార్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మూడేళ్ల తర్వాత కూడా ఆ లాప్‌టాప్ ఎవరు తలుపు తీసినా లోపలికి వెళ్లిపోతూ ఉంటుంది. ముందు మీ కంప్యూటర్ గడియారం చూడండి, తేదీ వెనక్కి పోయినా ఇలాంటి హెచ్చరికే వస్తుంది. అది సరిగ్గా ఉంటే సర్వర్ చూసేవాళ్లకి చెప్పండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల సర్టిఫికెట్లు చాలాకాలంగా 90 రోజుల గడువుతో వస్తున్నాయి. తనంతట తాను రెన్యూ అయ్యే ఏర్పాటు ఒకసారి ఆగిపోతే మూడు నెలల్లోపు ఏదో ఒక రోజు ఇది జరగక మానదు.

2023 ఉగాది వెళ్లిన రెండో రోజు, మార్చి 24 శుక్రవారం, మనకి పొద్దున పదిన్నర వేళ గిట్‌హబ్ తన ఆర్‌ఎస్‌ఏ హోస్ట్ కీని మార్చింది. వాళ్ల ప్రైవేట్ కీ కాసేపు ఒక బహిరంగ రిపాజిటరీలో బయటపడిందట. పాత కీని గుర్తుపెట్టుకున్న కంప్యూటర్లన్నీ పెద్దక్షరాలతో కేకలు పెట్టాయి. అవతలివాడి గుర్తింపు మారింది, మధ్యలో ఎవరో కూర్చున్నారేమో అని. ఆ పూట నేను చూసినవాళ్లలో చాలామంది గుర్తున్న కీని చెరిపేసి, కొత్తదానికి యెస్ కొట్టేసి టీ తాగడానికి వెళ్లిపోయారు. ఒకతను మాత్రం గిట్‌హబ్ సైట్‌లో ప్రకటించిన వేలిముద్రని తెర మీద ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకున్నాడు. ఐదు నిమిషాలు ఆలస్యంగా టీకి వచ్చాడు. నేనైతే ఉద్యోగమిచ్చేటప్పుడు అతనికి ఇస్తాను.

సాయం అడిగే పద్ధతి

"గిట్ పనిచేయట్లేదు, అర్జెంట్" అని రాసే సందేశాన్ని చూసి అడ్మిన్ ఏం చేయాలి? ఆయన తిరిగి ఐదు ప్రశ్నలు అడుగుతాడు, మీరు భోజనానికి వెళ్లి ఉంటారు. నేను రాసేది ఇలా ఉంటుంది: "నమస్తే సార్. మధ్యాహ్నం 2:10 నుంచి బిల్లింగ్ రిపాజిటరీకి పుష్ అవట్లేదు. పుల్ అవుతోంది. మా టీమ్‌లో ముగ్గురికీ ఇదే, ఇంటినుంచి చేసే ఒకరికి కూడా ఇదే. మిగతా రిపాజిటరీలు బాగున్నాయి. వచ్చిన సందేశం కింద పూర్తిగా అతికించాను." ఇది చదివిన అడ్మిన్ కుర్చీలోంచి లేవకుండానే సగం కనిపెట్టేస్తాడు.

సందేశాన్ని ఫోటో తీసి పంపకండి, అక్షరాలుగా అతికించండి. మొదటి లైనునుంచి చివరి లైనుదాకా అతికించండి, ఎర్రగా ఉన్నదొక్కటే కాదు. అతికించే ముందు టోకెన్ ఏమైనా అందులో ఉందేమో చూసుకోండి, వివరంగా ట్రేస్ తీసినప్పుడు అదీ కనబడే ప్రమాదముంది. తెలియక ఏమైనా మార్చి ఉంటే దాచకుండా చెప్పండి. "నేనేమీ ముట్టుకోలేదు" అన్న అబద్ధం వల్ల పోయే సమయం అడ్మిన్లకే తెలుసు.

అప్పుడప్పుడు చేసేదేమీ ఉండదు. 2018 అక్టోబరు 21న గిట్‌హబ్‌వాళ్లు అమెరికా తూర్పు తీరంలో ఒక పరికరం మారుస్తుంటే 43 సెకన్లు నెట్‌వర్క్ తెగింది. ఆ దెబ్బకి రెండు తీరాల డేటాబేసుల్లో ఒకదానిలో లేని రాతలు ఇంకోదానిలో చేరాయి. వాటిని కలిపి సర్దేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అంత పెద్ద సంస్థే డేటా పోకూడదని నిదానంగా సర్దుకుంది. అలాంటి రోజున విసనకర్ర తీసుకుని అరుగు మీద కూర్చోవాలి. అంటే కమిట్లు లాప్‌టాప్‌లోనే చేసుకోవాలి. పక్కవాళ్లకి అత్యవసరంగా కావాలంటే గిట్ బండిల్ అని ఒక సదుపాయం ఉంది, కమిట్లన్నిటినీ ఒకే ఫైలుగా మూటగట్టి ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా వాళ్లు దాన్నుంచి మామూలుగా ఫెచ్ చేసుకోగలరు.

తిరిగి వచ్చాక, ఊపిరి పీల్చుకునేలోపే, పుస్తకంలో మూడు ముక్కలు రాసుకోండి. నా పుస్తకం మొన్న ఓ ఆదివారం మొదటినుంచి తిరగేశాను. ఎంటీయూ ఒకసారి. ఫెయిల్2బ్యాన్ ఒకసారి. డిస్క్ నిండింది నాలుగుసార్లు, అందులో రెండుసార్లు ఒకే సర్వర్. "పాస్‌వర్డ్ మార్చాను, పాతది ఎక్కడో మిగిలింది" అన్న వాక్యం మాత్రం నా దస్తూరీతోనే ఏడుసార్లు ఉంది. మొదటిది 2009 నాటిది. చివరిదాని సిరా ఇంకా నీలంగానే ఉంది.